నాన్న విగ్రహం కింద 'వీరచక్ర' అని రాయిద్దామంటున్నారు, ఏం చెయ్యమంటారు?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి, పర్లాకిమిడికి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న ఊరు. పేరు వెయ్యొద్దన్నారు, ఊరి పేరు నేనే తీసేశాను. ఆరు పేజీలు, రెండు వైపులా రాశారు, అంతా పెట్టలేను కాబట్టి కుదించి చెప్తాను.

రాసినావిడకి 53 ఏళ్ళు. వాళ్ళ నాన్నగారు మిలట్రీలో మద్రాస్ సాపర్స్‌లో (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అనీ అంటారు, సైన్యంలో ఇంజనీరు పనులు చేసేవాళ్ళు) చేసేవారు, 1971 డిసెంబర్ యుద్ధంలో పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు మందుపాతరలు తీస్తూ చనిపోయారు. అప్పటికి ఈవిడ తల్లి కడుపులో ఏడో నెల. శరీరం రాలేదు. టెలిగ్రాం వచ్చింది, కొన్నాళ్ళకి ఒక ట్రంకు పెట్టె వచ్చింది, అంతే. అమ్మకి అప్పుడు 19. 1974లో పెద్దవాళ్ళు కూర్చుని అమ్మని నాన్నగారి తమ్ముడికే ఇచ్చి చేశారు. ఈవిడ ఆయన్ని ఇప్పటికీ చిన్నాన్న అనే పిలుస్తారు, పెంచింది, చదివించింది, పెళ్ళి చేసి పంపింది అంతా ఆయనే. వాళ్ళకి ఒక కొడుకు, అంటే ఈవిడకి తమ్ముడు. "పెన్షన్ ఇల్లు దాటిపోకూడదని ఆ పెళ్ళి చేశారని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారండి" అని ఒక లైను రాసి, కొట్టేసి, కింద మళ్ళీ అదే రాశారు.

ఇప్పుడు ఊళ్ళో యువజన సంఘం కుర్రాళ్ళు మూడు రోడ్ల జంక్షన్‌లో నాన్నగారి విగ్రహం పెడతామని వచ్చారు. వెనకాల ఒక లోకల్ నాయకుడు, డబ్బు ఆయనది. దిమ్మ మీద 'వీరచక్ర' అని వేయిద్దాం, యాభై ఏళ్ళయింది ఎవడు చూడొచ్చాడు అన్నాడట. నిజానికి ఆ పతకం రాలేదు. కానీ నాన్నగారితో పనిచేసిన ఒకాయన పాతపట్నం అవతల ఒక ఊళ్ళో ఉన్నారు, 78 ఏళ్ళు. ఆయన చెప్పేది, ఆ రాత్రి షెల్స్ పడుతుంటే మీ నాన్న దెబ్బ తగిలిన ఇద్దర్ని వెనక్కి లాక్కొచ్చి పడుకోబెట్టి, తెల్ల టేపు చుట్ట తీసుకుని మళ్ళీ ముందుకెళ్ళాడు, అప్పుడు పోయాడు, చూసిన ఆఫీసరు కూడా మర్నాడే పోయాడు, ఆయన బతికుంటే వీరచక్ర ఖాయం అని. ఇంకోసారి అడిగితే ఇద్దరు కాదు ముగ్గురన్నారట, రాత్రి కాదు తెల్లారుజామన్నారట, దాంతో ఈవిడకి ఏది నమ్మాలో తెలియట్లేదు. అమ్మేమో "పెట్టుకుంటే పెట్టుకోండి, ఆ రోజు నేను మా అప్ప ఇంటికి పోతాను" అంటోంది. తమ్ముడు ఈ విషయం ఎత్తితే లేచి బయటికి పోతున్నాడు. ఇది చాలనట్టు, నాన్నగారు పుట్టింది శ్రీకాకుళం జిల్లా వైపు వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో, అక్కడివాళ్ళు ఫోన్ చేసి మా ఊరి బిడ్డ విగ్రహం ఒడిశాలో ఎందుకు, బోర్డు ఒడియాలో పెడతారు, మాకివ్వండి మేం పెడతాం అంటున్నారట. మెడల్‌కి ఇప్పుడు అప్లై చేస్తే వస్తుందా, విగ్రహానికి ఒప్పుకోవాలా వద్దా, అమ్మని ఎలా ఒప్పించాలి, ఇవీ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మెడల్ సంగతికి జవాబు ఉంది, చెప్తాను, కానీ నేను మాత్రం నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ నాయకుడు మీ ఇంటికొచ్చి అమ్మకి వీరపత్నిగా సన్మానం చేస్తామని చెప్పి, పోతూ పోతూ గుమ్మం దగ్గర "తెల్ల చీర కట్టుకుంటే ఫోటోలో బాగుంటుందమ్మా" అన్నాడని, అమ్మ విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందని, ఆ టైంలో చిన్నాన్న వాళ్ళందరికీ టీ పట్టుకొచ్చారని రాశారు. పక్కనే "మా అమ్మకి కోపం ఎక్కువలెండి" అని ఒక మాట వేసి దాటేశారు.

దాన్ని కోపం అని తీసెయ్యకండి తల్లీ. ఆవిడకి 73 ఏళ్ళు, 51 ఏళ్ళుగా మీ చిన్నాన్న కట్టిన పుస్తెలు మెడలో ఉన్నాయి, పొద్దున్నే బొట్టు పెట్టుకుని పనిలోకి దిగే మనిషి. అలాంటి మనిషిని బతికున్న మొగుడు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తుండగా తెల్ల చీరలో స్టేజి ఎక్కించి మైకులో విధవ అని చెప్పించడం, ఆ నాయకుడికి అది ఫోటో, ఆవిడకి అది ఏంటో ఆలోచించండి. అలాగని ఎక్కనంటే చనిపోయినాయన మీద ప్రేమ లేదంటారు. ఎటు కదిలినా ఎవరో ఒకరికి అన్యాయం చేసినట్టే కనిపిస్తుంది కాబట్టి ఆవిడ అప్ప ఇంటికి పోతానంటోంది. విగ్రహం వద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, మీరే ఉత్తరం మళ్ళీ చదువుకోండి, "నన్ను పిలవకండి" అన్న మాటే ఉంది మూడు చోట్లా.

పెన్షన్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీరు కొట్టేసి మళ్ళీ రాశారంటే అది మిమ్మల్ని ఎప్పట్నుంచో గుచ్చుతోందని అర్థమైంది. అప్పటి మిలట్రీ పెన్షన్ రూల్స్‌లో అలాంటి ఏర్పాటు నిజంగానే ఉండేది, చనిపోయిన సిపాయి భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పెన్షన్ ఆగిపోతుంది, భర్త సొంత తమ్ముడినో అన్ననో చేసుకుని ఆ కుటుంబంలోనే ఉంటే ఆగదు. శౌర్య పతకాలతో పాటు నెలనెలా ఇచ్చే భత్యానికి కూడా ఇదే షరతు పెట్టారు, దాన్ని 2017లో తీసేశారు. అంటే 1974లో మీ ఇంటి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ లెక్క వాళ్ళ మధ్యలో ఉండే ఉంటుంది, 22 ఏళ్ళ పిల్ల, చంకలో రెండేళ్ళ బిడ్డ, పొలం ఎంతో నాకు తెలీదు. ఊరు చెప్పే దాంట్లో సగం నిజం ఉండొచ్చు. మిగతా సగం మీ అమ్మకీ చిన్నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు, ఊరికి అసలే తెలీదు. మీరు ఇంకో మాట కూడా రాశారు, మిమ్మల్ని ఒకటో క్లాసులో చేర్పించినప్పుడు చిన్నాన్న తండ్రి పేరు దగ్గర తన పేరు చెప్పకుండా అన్నగారి పేరు చెప్పి రాయించారని. ఆ ఊళ్ళో మీ నాన్నగారి పేరు పదిమంది చదివేలా మొదటిసారి రాయించింది ఆయనేనన్నమాట, అదీ 1977లో, ఏ ఫ్లెక్సీ లేకుండా.

సరే, మెడల్. ఉన్నదున్నట్టు చెప్తాను, వచ్చే అవకాశం దాదాపు లేదనే అనుకోండి. పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర అనేవి యుద్ధంలో శత్రువు ఎదురుగా చూపించిన ధైర్యానికి ఇచ్చేవి. అవి వచ్చే దారి ఏంటంటే, చూసినవాళ్ళ మాట తీసుకుని యూనిట్ కమాండరు కాగితం మీద పెట్టాలి, అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ అలా మెట్టు మెట్టు ఎక్కి ఢిల్లీ వెళ్ళి చివర్లో రాష్ట్రపతి దాకా పోతుంది. కింద మెట్టు దగ్గర కాగితమే పుట్టకపోతే పైవాళ్ళకి ఆ మనిషి ఉన్నట్టే తెలీదు. కాగితం పుడితే ఎంత తొందరగా కదులుతుందో ఈమధ్యే చూశాం కదా, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్‌బాబుకి మహావీరచక్ర 2021 జనవరి 26కల్లా ప్రకటించారు. 54 ఏళ్ళ తర్వాత కొత్తగా కాగితం పుట్టించడం అంటే వేరే కథ, పాత యుద్ధాల పతకాల లెక్కలు మళ్ళీ తెరవడానికి రక్షణశాఖ ఇష్టపడదు. అక్కడా ఇక్కడా కోర్టుకెక్కినవాళ్ళున్నారు.

1971లో మనవైపు చనిపోయినవాళ్ళే మూడు వేల పైచిలుకు, పరమవీరచక్ర వచ్చింది నలుగురికి, అందులో ముగ్గురికి చనిపోయాక. మీ నాన్నగారు ఉన్న షకర్‌గఢ్ వైపే బసంతర్ నది దగ్గర డిసెంబర్ 15, 16 తేదీల్లో పెద్ద పోరు జరిగింది. సాపర్లు నేల మీద బోర్లా పడుకుని ఊచతో గుచ్చి చూసుకుంటూ ఒక్కో మందుపాతర తీసి, దారికి రెండు వైపులా తెల్ల టేపు పరుచుకుంటూ పోతారు, వెనకొచ్చేవాళ్ళు ఆ రెండు టేపుల మధ్యలోంచే రావాలి. ఆ దారి పూర్తవకముందే పూనా హార్స్ అనే రెజిమెంట్ ట్యాంకులు దాటాయి, అందులో 21 ఏళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ 16న చనిపోయి పరమవీరచక్ర పొందాడు, ఆ పేరు అందరికీ తెలుసు. దారి తీసిన ఇంజనీర్లలో మేజర్ విజయ్ రతన్ చౌధరికి కూడా మరణానంతరం మహావీరచక్ర వచ్చింది, ఆ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఇక టేపు పరిచిన కుర్రాళ్ళ పేర్లు ఎవరికి తెలుస్తాయి చెప్పండి. మీ నాన్నగారు సరిగ్గా ఆ చోటే ఉన్నారో పక్క చోట ఉన్నారో రికార్డు చూస్తే గానీ చెప్పలేం, కానీ పాతపట్నం పెద్దాయన "తెల్ల టేపు చుట్ట" అన్నారు చూడండి, ఆ పని చేసినవాళ్ళకి తప్ప ఆ మాట నోట్లోంచి రాదు.

అప్లై చెయ్యాలని మీకు గట్టిగా ఉంటే నేను ఆపను. అప్పుడు ఏమవుతుందో తెలుసుకుని దిగండి. ఏళ్ళు పడుతుంది, సంతకం ప్రతిచోటా అమ్మది కావాలంటారు, అంటే తన మొదటి పెళ్ళి, రెండో పెళ్ళి కాగితాలన్నీ ఆఫీసుల్లో బయటపెట్టుకోవాలి ఆవిడ. పైగా మెడల్ ఇప్పిస్తామని తిరిగే దళారులుంటారు, మా మేనమామ పెన్షన్ అరియర్స్ కోసం తిరిగినప్పుడు ఇలాంటివాడే ఒకడు తగిలి 8 వేలు తిన్నాడు, ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

మెడల్ పక్కన పెట్టి రికార్డు మాత్రం తెప్పించుకోండి, ఇది తప్పకుండా చెయ్యొచ్చు. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్ళ రికార్డు ఆఫీసు బెంగుళూరులో ఉంటుంది. ఆర్మీ నంబరు కావాలి, అది ఎక్కడుందో అని మీరు బెంగపడక్కర్లేదు, ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో ఏవో అంకెలున్నాయి, చెరిగిపోతున్నాయి అని మీరే రాశారు, అదే నంబరు అయ్యుంటుంది, ముందు ఈ రోజే ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఆ నంబరుతో ఏ యూనిట్, ఏ తేదీ, ఏ సెక్టార్, యుద్ధంలో మరణించినట్టు ఎలా నమోదైంది అని కూతురిగా మీరు రాసి అడగొచ్చు, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు. జిల్లా సైనిక్ బోర్డు అని మాజీ సైనికుల కుటుంబాల సంగతి చూసే ఆఫీసు ఉంటుంది, వాళ్ళు ఉత్తరం ఎలా రాయాలో చెప్తారు, మీ జిల్లాకి ఏ ఆఫీసు చూస్తుందో కలెక్టరేట్‌లో అడగండి.

పెట్టెలో రెండు పతకాలున్నాయి, ఒకటి నక్షత్రంలా ఉంది అన్నారు. అది పశ్చిమీ స్టార్ అయ్యుండాలి, రెండోది సంగ్రామ్ మెడల్ కావచ్చు, 1971 యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చినవి. నాకో అనుమానం, ఆ నాయకుడు ఈ నక్షత్రాన్ని చూసే వీరచక్ర అంటున్నాడేమో. వీరచక్ర గుండ్రటి వెండి పతకం, దాని మీద అయిదు మూలల నక్షత్రం ఉంటుంది, రిబ్బను సగం ముదురు నీలం సగం కాషాయం. మీ దగ్గరున్నది నక్షత్రమే పతకం. అంచుల మీద, వెనకవైపు నంబరూ పేరూ కనిపిస్తాయేమో భూతద్దం పెట్టి చూడండి, బ్రాసో పాలిష్ మాత్రం వెయ్యకండి అరిగిపోతాయి.

రాని పతకం రాయించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఇది ఒక్కటి మీ ఇష్టం అని నేను వదలను. వీరచక్ర వచ్చినవాళ్ళ జాబితా దాపరికం కాదు, ప్రభుత్వం వెబ్‌సైట్‌లోనే పేర్లుంటాయి, రేపు ఆ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ ఏ ఇంటర్ కుర్రాడైనా ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూసేస్తాడు. లేదని తేలాక ఇక ఆ ఊళ్ళో మీ నాన్న యుద్ధంలో చనిపోయాడన్నది కూడా అబద్ధమేమో అంటారు. అప్పుడు నాయకుడు ఇంకో ఊళ్ళో ఉంటాడు, ఆ మాట పడేది మీరూ మీ తమ్ముడూనూ. నా మాటగా కాకపోతే పెద్దాయన మాటగా అయినా చెప్పండి, ఆయన "ఖాయం" అన్నాడు గానీ "వచ్చింది" అనలేదు.

ఆ పెద్దాయన ఇద్దరన్నారు ముగ్గురన్నారు అని మీరు అంత కలవరపడకండి. 54 ఏళ్ళ కిందటి రాత్రి అది, షెల్స్ పడుతున్నాయి, చీకటి, పక్కన పడున్నది ఎవరో కూడా తెలీదు. 1962 చైనా యుద్ధంలో లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీలో దాదాపు అందరూ చనిపోయారు, బతికొచ్చిన కొద్దిమంది ఇలా జరిగింది అని చెప్తే మొదట్లో నమ్మినవాళ్ళు తక్కువ, మూడు నెలల తర్వాత ఫిబ్రవరిలో మంచులో శరీరాలు తుపాకులు పట్టుకున్నవి పట్టుకున్నట్టే దొరికాక గానీ ఆ మాటకి విలువ రాలేదు. చూసినవాడి మాటే అప్పుడైనా ఇప్పుడైనా మొదటి కాగితం. మీ నాన్న విషయంలో ఆ మాట ఇప్పటికీ మనిషి రూపంలో బతికుంది, పాతపట్నం అవతల, 78 ఏళ్ళ వయసులో, బీపీ మాత్రలు వేసుకుంటూ. విగ్రహం వచ్చే ఏడాదైనా పెట్టుకోవచ్చు.

అందుకని అన్నిటికంటే ముందు అక్కడికెళ్ళండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పక్కన పెట్టి, వీరచక్ర అన్న మాట మాత్రం మీరు ఎత్తకండి, ఎత్తారంటే ఆయన చెప్పేదంతా మెడల్ వైపు వాలిపోతుంది, మీకోసం కాస్త పెంచి చెప్తారు, ప్రేమతోనే. "మా నాన్న ఏం తినేవాడు, ఎవరితో కూర్చునేవాడు, తెలుగు పాటలు పాడేవాడా, ఆ రోజు పొద్దున ఏం చేశారు" అని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, ఆ రాత్రి దానంతట అదే వస్తుంది. తెలియనిది తెలియదనే చెప్పనివ్వండి. ఇద్దరో ముగ్గురో అని ఉంటే అలాగే ఉండనివ్వండి. ఆఫీసరు పేరు, ఊరి పేరు, తేదీ గుర్తుంటే అడగండి, తర్వాత దాన్ని తెలుగులో రాసి చదివి వినిపించి సంతకం పెట్టించుకోండి. రేపు రికార్డు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీకే తెలుస్తుంది.

విగ్రహం సంగతి. మన వైపు ఊళ్ళలో సిపాయిల విగ్రహాలు ఎక్కువైంది కార్గిల్ తర్వాతే అనిపిస్తుంది నాకు, 1999లో శవపేటికలు జెండా కప్పుకుని సొంతూళ్ళకి రావడం, టీవీల్లో చూడటం మొదలయ్యాక. అంతకుముందు యుద్ధాల్లో పోయినవాళ్ళని ముందు వరసల దగ్గరే దహనం చేసేవాళ్ళు, ఇంటికి మీకొచ్చినట్టే పెట్టె వచ్చేది. ఊరు ఇన్నాళ్ళకి గుర్తు చేసుకుంటోందంటే ఆ కుర్రాళ్ళది మంచి మనసే, నాయకుడి మీద కోపంతో వాళ్ళని కసరకండి. కానీ జంక్షన్‌లో వద్దనే చెప్పండి. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పబ్లిక్ రోడ్ల మీద విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. పర్మిషన్ లేకుండా పెట్టేస్తారు, అన్నిచోట్లా పెడుతున్నారు, ఆ తర్వాత రోడ్డు వెడల్పు అన్నప్పుడు గోనెసంచి కప్పి పక్కన పడేస్తారు, అది మీ నాన్నగారు. ఇంకో సంగతి, మీ దగ్గరున్నది ఒక్కటే ఫోటో, అదీ పెళ్ళినాటిది, సగం మాసిపోయింది. మన విగ్రహాలు చేసేవాళ్ళు ఫోటో సరిగ్గా లేకపోతే అందరికీ ఒకటే మీసం పెట్టి పంపుతారు, 25 ఏళ్ళ కుర్రాడు 50 ఏళ్ళ ఇన్‌స్పెక్టర్‌లా తయారవుతాడు. మీ అమ్మ రోజూ ఆ దారినే సంతకి వెళ్ళాలి.

నన్నడిగితే బడి ఆవరణలో ఒక రాతి పలక చాలు, హెడ్మాస్టరు, పంచాయతీ ఒప్పుకుంటే. దాని మీద నంబరు, ర్యాంకు, పేరు, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, చనిపోయిన తేదీ, సెక్టార్, ఊరి పేరు. ఒక్క విశేషణం వద్దు. సర్కారు కాగితాల్లో కూడా అమరవీరుడు, శహీద్ లాంటి మాటలు వాడరు, యుద్ధంలో మరణించాడనే రాస్తారు, అది చాలు. ఖర్చు తక్కువ కాబట్టి నాయకుడి డబ్బు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేకపోతే దిమ్మ మీద ఆయన పేరు మీ నాన్న పేరు కంటే పెద్దక్షరాల్లో ఉండక్కర్లేదు. కుర్రాళ్ళకి నచ్చకపోవచ్చు, విగ్రహం అయితే గ్రాండ్‌గా ఉంటుంది అంటారు, వాళ్ళు అలగొచ్చు, రెండు మూడు నెలలు మీతో మాట్లాడకపోవచ్చు, అది భరించగలరా చూసుకోండి. విగ్రహమే కావాలని మీకే లోపల ఉంటే, చూడని తండ్రిని ఒక ఆకారంలో చూసుకోవాలని ఎవరికైనా ఉంటుంది, తప్పేం లేదు, అప్పుడైనా స్థలం బడిలోనో పంచాయతీ ఆవరణలోనో రాతపూర్వకంగా తీసుకుని, రాత మాత్రం పైన చెప్పినట్టే ఉండేలా ముందే కాగితం మీద ఒప్పించుకోండి.

భాష గొడవ అసలు గొడవే కాదు. మీరున్న చోట పిల్లాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ మాట్లాడతాడు, రాయి మీద కూడా రెండూ ఉంటే సరి. 1936లో ఒడిశాని వేరు చేసి గీత గీసినప్పుడు పర్లాకిమిడి ఇటు పడింది పాతపట్నం అటు పడింది, మధ్యలో మహేంద్రతనయ పారుతూనే ఉంది, చుట్టరికాలూ పోలేదు. శ్రీకాకుళం వైపువాళ్ళు వాళ్ళ ఊళ్ళో ఇంకో రాయి పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి, ఒక మనిషికి రెండు ఊళ్ళు ఉండకూడదా. కార్గిల్‌లో చనిపోయి మహావీరచక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఒడిశా కుటుంబం, ఉన్నది హైదరాబాద్‌లో. గల్వాన్‌లో ఒకే రాత్రి, ఒకే 16 బీహార్ యూనిట్‌లో సూర్యాపేట సంతోష్‌బాబు, మయూర్‌భంజ్ నుదూరాం సోరెన్ ఇద్దరూ పోయారు, సోరెన్‌కి వీరచక్ర వచ్చింది. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏ రాష్ట్రం అని అడగలేదు. ఒక్క జాగ్రత్త, పేరు స్పెల్లింగు రెండు చోట్లా ఆర్మీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే తర్వాత తరానికి ఇద్దరు మనుషులైపోతారు.

ఇంకోటి మీకు తెలీదనుకుంటా, మీరు ఎక్కడా రాయలేదు. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర నేషనల్ వార్ మెమోరియల్ ఉంది, 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. అందులో త్యాగ చక్రం అని గుండ్రంగా గోడలుంటాయి, స్వాతంత్ర్యం వచ్చినప్పట్నుంచి విధుల్లో పోయిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కారు. మెడల్ వచ్చిందా రాలేదా అని చూడరక్కడ, ఆఫీసరూ సిపాయీ ఒకే సైజు అక్షరాలు. వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరు వెతకొచ్చు. మీ నాన్నగారి పేరు ఉందో లేదో ముందు చూడండి, లేకపోయినా తప్పుగా పడినా రికార్డు ఆఫీసు జవాబు పట్టుకుని సరిచేయమని రాయొచ్చు. రోజూ సాయంత్రం అక్కడ ఎవరో ఒక సైనికుడి కుటుంబంవాళ్ళతో పూలమాల పెట్టించే ఏర్పాటు ఉంది, సైనిక్ బోర్డు ద్వారా అడిగి చూడండి. అక్కడికి వెళ్ళడానికి తెల్ల చీర అవసరం లేదు. మీరూ చిన్నాన్నా వెళ్ళినా చాలు, ఆయన తమ్ముడు, 22 ఏళ్ళప్పుడు అన్న పోయాడు, ఆయనకి ఇంతవరకు ఎవరూ పరామర్శ చెప్పినట్టు లేదు మీ ఉత్తరంలో.

అమ్మని ఎలా ఒప్పించాలి అని అడిగారు. ఒప్పించకండి. ముందు చిన్నాన్నతో ఒక్కరే కూర్చోండి, పొలం గట్టు మీదో ఎక్కడో, ఇంట్లో వద్దు, అమ్మ వింటుంటే ఆయన నోరు విప్పరు. మీ అన్నయ్య ఎలా ఉండేవాడు అని అడగండి, నాన్న అనకండి ఆ రోజుకి. ఆయనకి ఏదైనా మనసులో ఉంటే అప్పుడు బయటికొస్తుంది, లేకపోతే "ఏటి చెప్తాం అమ్మా" అని లేచిపోతారు, అదీ జవాబే. తర్వాత అమ్మకి ఒక్కటే చెప్పండి, ఏ రాయి పెట్టినా ఏ మీటింగ్ పెట్టినా నిన్ను స్టేజి ఎక్కించం, వీరపత్ని అని ఎక్కడా వెయ్యం, నువ్వు చిన్నాన్న పక్కనే కూర్చుంటావు, రాకపోయినా ఎవరూ అడగరు అని. ఈ మాట కుర్రాళ్ళతో ముందే ఖరారు చేసుకుని మరీ చెప్పండి, చెప్పాక తప్పకూడదు. ఆవిడ అప్పటికీ అప్ప ఇంటికి పోతానంటే పోనివ్వండి, బస్సెక్కించి రండి.

తమ్ముడి మీద మీరు కాస్త కోపంగా రాశారు, వాడికి అసూయ అని. ఉండొచ్చు. ఊరంతా పెదనాన్న పెదనాన్న అంటుంటే, ఇద్దరు పిల్లల్నీ సాకిన వాళ్ళ నాన్న టీ గ్లాసులు మోస్తుంటే వాడికి ఎలా ఉంటుంది. సంజాయిషీ అడక్కండి. పని చెప్పండి.

చివరగా పెట్టెలో ఉన్న ఉత్తరాలు, 56 ఏ.పీ.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) ముద్ర ఉన్నవి, టెలిగ్రాంతో పాటు లామినేషన్ చేయిద్దామనుకుంటున్నా అన్నారు. వద్దు, పాత కాగితం ఆ వేడికి పాడవుతుంది, ఫోటోలు తీసుకుని, కాగితాలు నూలుగుడ్డలో చుట్టి పైన అటక మీద కాకుండా తేమ లేని చోట పెట్టండి. అవి అమ్మకి రాసినవి కాబట్టి ఆవిడ చదవమంటేనే చదవండి, రాయి మీద వెయ్యడానికి వాటిల్లోంచి ఒక్క లైను కూడా ఎవరికీ ఇవ్వకండి. పాతపట్నం మాత్రం ఈ నెల్లోనే వెళ్ళిరండి, తమ్ముణ్ణి తీసుకెళ్ళండి, వీడియో తియ్యడం వాడికి బాగా వచ్చని మీరే రాశారు, బండి కూడా వాడిదే.